ఎక్కడికని అడగకుండా ఎక్కిన రైలు

శనివారం ఉదయం ఏడున్నరకు జర్మనీలో మేముండే బ్యోబ్లింగెన్‌లో ఎస్‌బాన్ లోకల్ రైలు ఎక్కాం. నాతో ఒకే ఫ్లాట్‌లో ఉండే శ్రీధరన్న ముందురోజు ఉన్నట్టుండి, "రేపు నాతోని వస్తవారా?" అన్నాడు. ఎక్కడికని అడగలేదు. బయలుదేరేవాళ్లను అలా అడగకూడదని మా ఇంట్లో నెత్తిన మొట్టి మరీ నేర్పారు. రెండు నెలలుగా అన్న చిక్కిపోతున్నాడు, సరిగా తినడం లేదు, సెలవు రోజుల్లోనూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని వెళ్లిపోతున్నాడు. అదీ అడగలేదు. పెద్దవాడు, చెప్పాలనుకుంటే చెప్పడా అని సర్దిచెప్పుకున్నాను. లోపల భయంగానే ఉంది.

స్టుట్‌గార్ట్‌లో రైలు మారి పదిన్నరకు ఆన్స్‌బాఖ్‌లో దిగాం. దేశమంతటా లోకల్ రైళ్లకు, బస్సులకు చెల్లే నెల పాస్ ఉంది కనుక వేరే టికెట్ అక్కర్లేదు. అన్న ఫోన్ చూడకుండానే సరైన బస్సు దగ్గరికి నడిచాడు. ఎలా తెలుసు? అరగంటలో పాత గోడల మధ్య చిన్న ఊరు వచ్చింది. అక్కడి మ్యూజియంలో టికెట్లిచ్చే పెద్దావిడ అన్నను చూసి, "మళ్లీ వచ్చారా!" అని జర్మన్‌లో అంటూ నవ్వింది. నాకు బుర్ర తిరిగిపోయింది.

ఆ మ్యూజియమంతా ఒక పాత కథ గురించే, ఏసుక్రీస్తు చివరి భోజనంలో వాడిన గిన్నెను వీరులు వెతికే కథ.

"ఆ గిన్నె ఏదండీ?" అని ఆవిడను అడిగాను.

"మా దేశపు కథలో అది గిన్నె కాదు, రాయి," అందావిడ. "ఒక కుర్ర వీరుడు కోటలో దాన్ని కళ్లారా చూశాడు. ఎదురుగా రాజు గాయంతో మూలుగుతున్నాడు. ఎక్కువ ప్రశ్నలు వేయకూడదని గురువు చెప్పాడని నోరు మెదపలేదు. తెల్లారేసరికి కోట ఖాళీ. మీకేం బాధ అని అడిగుంటే గాయం మానేది."

పెద్దల మాట వినడం తప్పెలా అయింది? నాకు ఒళ్లు మండింది. అన్న మాత్రం నన్నే చూస్తున్నాడు.

బేకరీలో బ్రెజెల్ అనే మెలితిప్పిన ఉప్పు రొట్టెలు రెండు కొన్నాం. అన్న తనది ముట్టలేదు. మూడున్నరకు ఎక్కిన తిరుగు రైల్లో ఇక ఉండబట్టలేక, "అన్నా, నీకేమైంది?" అన్నాను.

"జాబ్ పోయి రెండు నెలలైందిరా. జల్ది ఇంకోటి దొరక్కపోతే బ్లూకార్డు పోతది, ఈ దేశం ఇడిచి పోవాలె. రోజూ ఈ పాస్ మీద ఊర్లు తిరుగుతున్న. పోయిన వారం ఆడ ఈ కథ విన్న. నిన్ను తీసుకొస్తే అడుగుతవేమో అనిపించింది."

సిగ్గేసింది, ఏడుపొచ్చింది. అన్న చేయి పట్టుకుని కూర్చున్నాను.

ఆ ఊరికి వెళ్లాలనుకునేవాళ్లు బస్సు వేళలు ముందే చూసుకోండి, శనివారం బస్సులు తక్కువ. అది గిన్నో రాయో నాకింకా తేలలేదు. రైలు క్రైల్స్‌హైమ్ స్టేషన్ దాటేసరికి అన్న తన బ్రెజెల్ మొత్తం తినేసి, నా చేతిలోది చూశాడు.

"నువ్వు తింటవా, నాకిస్తవా?" అని అడిగాడు.