పదిన్నర కింద రెండు గీతలు

పోయిన నెల మా అబ్బాయి దగ్గర నుంచి పోస్టులో ఒక పార్కింగ్ పాస్ వచ్చింది. కారు అద్దానికి తగిలించుకునే నారింజ రంగు అట్టముక్క. దాని వెనక వాడి చేతిరాతతో శనివారం, ఉదయం పదిన్నర అని ఉంది. పదిన్నర కింద రెండు గీతలు. ఒక్క గీత అయితే గుర్తుండడానికి గీశాడనుకునేవాణ్ణి. రెండు ఎందుకు గీశాడో వాడికి తెలుసు, నాకు తెలుసు, వంటింట్లో నుంచి వచ్చి చూసి "సరిగ్గానే గీశాడు" అన్న మా ఆవిడకీ తెలుసు. ఆ అట్టముక్కను ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టి, వెళ్ళకూడదని అక్కడికక్కడే నిర్ణయించుకున్నాను.

మావాడు కాలేజీలో ఫుట్‌బాల్ ఆడాడు. ఇక్కడి అమెరికా ఫుట్‌బాల్ అన్నమాట, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో ఇరికించుకుని ఒకడు పరిగెడితే పదకొండు మంది వాడి మీద పడేది. మావాడిది పరిగెత్తే వైపు కాదు, ఆపే వైపు. అందులోనూ అందరికంటే వెనక నిలబడే స్థానం. ముందున్నవాళ్ళంతా బంతివాణ్ణి వదిలేశాక మిగిలేది వాడొక్కడే. వాడు ఆపితే ఎవరూ గమనించరు, ఆపకపోతే స్టేడియమంతా వాడినే చూస్తుంది. ఆట అయిపోయాక నాలుగైదు ఊళ్ళు తిరిగి, ఆరేళ్ళ కిందట మళ్ళీ అదే కాలేజీకి, ఆ ఆపేవాళ్ళకు నేర్పే అసిస్టెంట్ కోచ్‌గా వచ్చాడు. మేముండే ప్లేనోలో ఎవరైనా అడిగితే కాలేజీలో టీచింగ్ అని చెప్పేవాణ్ణి. ఒక సత్యనారాయణ వ్రతంలో మా బావమరిది అది విని, అందరి ముందూ, "టీచింగ్ ఏంటి బావా, గ్రౌండ్‌లో విజిల్ ఊదుతాడుగా" అన్నాడు. ఆ రోజు భోజనంలో ఏమేం వడ్డించారో ఇప్పుడు అడిగినా చెప్పగలను.

అసలు కోపం వాడి ఉద్యోగం మీద కాదు. ఇక్కడి కాలేజీల్లో ఒక ఆచారం ఉంది. ఆఖరి సంవత్సరం ఆటగాళ్ళను, సొంత మైదానంలో ఆడే చివరి ఆటకు ముందు, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తారు. అమ్మ ఒక పక్క, నాన్న ఒక పక్క నడుస్తుంటే ఆ పిల్లవాడు మైదానం మూల నుంచి మధ్యకు వస్తాడు. తల్లి చేతికి ఒక పువ్వు ఇస్తారు. పద్నాలుగేళ్ళ కిందట మావాడి వంతు వచ్చింది. ప్లేనో నుంచి రెండు గంటల దూరం. కార్యక్రమం పదిన్నరకు అన్నాడు. నేను ఈ దేశం వచ్చినప్పటి నుంచి ఏ గృహప్రవేశమూ, ఏ పుట్టినరోజూ చెప్పిన వేళకు మొదలు కావడం చూడలేదు. పదిన్నర అంటే పదకొండున్నర అని లెక్క వేసుకున్నాను. దానికి తోడు మా బావమరిది తనూ వస్తానని చెప్పి, తీరా బయల్దేరే వేళకు ఇడ్లీ తిని వెళదామని కూర్చున్నాడు. మా ఆవిడ చీర మార్చింది. అక్కడికి చేరాక పార్కింగ్ కుర్రాడు మమ్మల్ని మైలు దూరంలో ఉన్న గడ్డి మైదానానికి పంపాడు. వీళ్ళలో ఎవరినీ నేను మర్చిపోలేదు.

మెట్లెక్కి పైకి వచ్చేసరికి మైదానం మూలన మావాడొక్కడే ఉన్నాడు. మిగతా ఆటగాళ్ళందరూ అప్పటికే అమ్మానాన్నలతో మధ్యలో నిలబడి ఉన్నారు. పేరు పిలిచారు, దాన్ని కూడా విరగ్గొట్టి పిలిచారు. వాళ్ళ పెద్ద కోచ్, ఎర్రటి మెడ, తెల్లటి టోపీ, మావాడి మోచెయ్యి పట్టుకుని నడిపించాడు. మా ఆవిడకు దక్కాల్సిన పువ్వు ఆయన చేతిలో ఉంది. అందరికంటే ఆఖరున పిలవడం ఒక అవమానం, నేను నిలబడాల్సిన చోట ఇంకొకడు నిలబడడం ఇంకొకటి. పది నిమిషాలు ఆగితే వాళ్ళ సొమ్మేం పోయింది? ఆట అయ్యాక ఆయన వచ్చి చెయ్యి చాపితే, ఫోన్ వచ్చినట్టు పక్కకు తిరిగాను. మా ఆవిడ ఆ సాయంత్రమే పువ్వును గ్లాసులో పెట్టి అంతటితో వదిలేసింది. నేను మళ్ళీ ఆ స్టేడియం గడప తొక్కలేదు, మావాడు అక్కడే పనిచేస్తున్న ఆరేళ్ళలో కూడా. ఇప్పుడు ఆ పెద్ద కోచ్ రిటైర్ అవుతున్నాడట. పాత ఆటగాళ్ళంతా ఇంటివాళ్ళతో వచ్చి ఆయనతో మైదానంలోకి నడవాలట. పార్కింగ్ పాస్ అందుకు.

పాస్ వచ్చిన రెండు వారాలకు, వాళ్ళకు శనివారం ఆట లేని వారం చూసుకుని, ఆదివారం మావాడు ఇంటికి వచ్చాడు. ఇంట్లో ఉన్నా వాడి పని ఆగదు. డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని ఒక్క ఆట వీడియోను ముక్కలు ముక్కలుగా వెనక్కీ ముందుకీ తిప్పుతూ, ప్రతి ముక్కకూ ప్రతి పిల్లవాడికీ ప్లస్సో మైనస్సో వేస్తాడు. సోమవారం మీటింగులో అవి చదివి వినిపిస్తారు. ఆ మీటింగు అయ్యాక, గడిచిన శనివారం ఆట ఊసు ఎవరూ ఎత్తకూడదట. ఒకడి పొరపాటు వల్ల ఆట ఓడిపోతే రెండు రోజుల్లో మర్చిపోవాలా, ఇదేం పద్ధతి అని ఒకసారి అడిగాను. "లేకపోతే నెక్స్ట్ ఆట ఎలా ఆడతారు నాన్నా" అన్నాడు.

ఆ ఆదివారం వాడు చూస్తున్నది పాత వీడియో. రిటైర్మెంట్‌కి పెద్ద కోచ్ ఉన్న ముక్కలన్నీ ఏరి ఒకచోట చేరుస్తున్నాడు. పప్పన్నం ప్లేటు చేతిలో పట్టుకుని వాడి వెనక నిలబడ్డాను. తెర మీద పద్నాలుగేళ్ళ కిందటి ఆ మైదానం మూల కనబడింది. వాడు గబుక్కున ముందుకు జరపబోయాడు. ఆగమన్నాను. వరుసలో మూడోవాడు మావాడు. ఇద్దరు వెళ్ళారు. మావాడు ఒక అడుగు వెనక్కి వేసి, తన వెనకవాడి భుజం తట్టి ముందుకు పంపాడు. తర్వాత ఇంకొకడిని. ఇంకొకడిని. పెద్ద కోచ్ గడియారం చూసుకుని వచ్చి ఏదో అడిగాడు. మావాడు ఏదో చెప్పాడు. ఆయన మైకు పట్టుకున్నవాడి వైపు చెయ్యెత్తి ఆగమని సైగ చేశాడు. పిల్లలకు మావాడు నేర్పేది ఒక్కటే, ఎదుటివాడి కాళ్ళు కాదు, కళ్ళు ఎటున్నాయో చూడమని. చూశాను. ఇరవై మంది ముందుకు పోతుంటే వాడొక్కడే మెట్ల వైపు చూస్తున్నాడు.

"ఆయన ఏమడిగాడు?" అన్నాను.

"ఇంకా వెయిట్ చేయాలా అని."

"నువ్వేమన్నావు?"

వాడు వీడియో ఆపాడు. "నువ్వు ఫోన్‌లో ఫైవ్ మినిట్స్ అన్నావ్ కదా నాన్నా. అదే చెప్పా."

అన్నాను. ఇడ్లీల దగ్గర కూర్చుని అన్నాను. ఇంకా ఇల్లు కదలకుండానే, దార్లో ఉన్నాం, ఐదు నిమిషాల్లో అక్కడుంటాం అన్నాను. మనవాళ్ళలో అది అబద్ధం కింద లెక్కకు రాదు. చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. కానీ వాడు ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాడు, ఐదంటే ఐదే అనుకున్నాడు. అటువంటి ఐదు నిమిషాలు ఎన్ని గడిచే దాకా అలా నిలబడ్డాడో నేను అడగలేదు. "మరి ఇన్నేళ్ళూ నాతో ఒక్క మాటైనా అనలేదేం?" అన్నాను. అప్పటికీ నా గొంతులో ఫిర్యాదే ఉంది, ఏం చేయను.

"మండేకి అయిపోయింది నాన్నా," అన్నాడు వాడు. ప్లేటు వైపు చూసి, "తిను, చల్లారిపోతోంది."

శనివారం నాడు తెల్లారకముందే లేచాను. ఇడ్లీలు వద్దన్నాను. మా బావమరిదికి చెప్పలేదు. ఏడున్నరకల్లా స్టేడియం ముందున్నాం. తొమ్మిదింటి దాకా గేటు తీయరని కాపలాదారు చెబితే మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసి కారు సీటు వెనక్కి వాల్చుకుని పడుకుంది. కాసేపటికి ఆ పెద్ద కోచ్ చేతికర్రతో అటే వచ్చాడు. నన్ను గుర్తుపట్టి ఆగాడు. ఈసారి నేనే ముందు చెయ్యి చాపాను. "యు మేడ్ ఇట్" అన్నాడు, మొత్తానికి వచ్చారన్నమాట అన్నట్టు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమైనా ఉందేమోనని చాలాసేపు వెతికాను. దొరకలేదు. అలసిపోయిన ముసలాయన చెయ్యి, నా చెయ్యిలాగే ఉంది.

ఎనిమిదిన్నరకు అబ్బాయి ఫోన్ చేసి, ఎక్కడున్నావ్ నాన్నా అన్నాడు. గేటు ముందే ఉన్నానన్నాను. ఆ ఒక్క మాట అబద్ధం కాకుండా చెప్పడానికి నాకు పద్నాలుగేళ్ళు పట్టింది.