చుట్ట తాగేవాడికే కూర్చునే వీలు

నేను చుట్ట మానలేనని ఊరంతా అనేది. నా భార్య కూడా అంది. ఎందుకు మానలేకపోయానో ఒక్కరూ అడగలేదు. వాళ్లను అని ఏం లాభం, నేనూ చెప్పలేదు.

నిజాం రోజులవి. సురంగల్‌లో ఒక పటేలు పొలంలో కూలి చేసేవాణ్ణి. పొద్దున కొడవలి పడితే మళ్లీ నడుము ఎత్తేది చుట్ట కాల్చుకునేటప్పుడే. అది ఆరిపోయేదాకా గట్టు మీద కూర్చున్నా పటేలు ఏమీ అనేవాడు కాదు, ఆయనకూ అలవాటే. ఇంట్లోనేమో ఒకటే గది. ఆ వాసన తగిలితే నా భార్యకు దమ్ము లేచేది, గోడ పట్టుకుని ఊపిరి కోసం కొట్టుకునేది. "నీ తోడు, ఇగ ముట్ట" అన్నాను.

మూడోనాడు అందరితో పాటు గట్టెక్కాను. "చుట్ట ఇడిసిపెట్టినవట గదా, మల్ల ఎందుకు కూసున్నవ్‌రా? లే!" అన్నాడు పటేలు. లేచాను. మిగతావాళ్లు పొగ వదులుతుంటే ఒక్కణ్ణే జొన్న కోశాను. వారం తిరక్కముందే ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

రెండోసారి తెలివికి పోయాను. వెలిగించని చుట్ట నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. పటేలు నవ్వి, తన చుట్ట నిప్పుతో నా చుట్ట తానే అంటించాడు. "అగ్గి లేకుంటె అడగాలె గదరా!" ఎంత దయో! ఆ సాయంత్రం నా భార్య నా అంగీ వాసన చూసి బట్టలు మూట కట్టింది. "మానినంక కబురు చెయ్యి" అని చిలుకూరు, తల్లిగారింటికి పోయింది. అప్పుడైనా చెప్పాల్సింది. సిగ్గేసింది. చుట్టకు లొంగినవాడినని అనుకున్నా సరే గానీ, ఒకడి మాటకు లేచి నిలబడేవాడినని తెలిస్తే ఎట్లా?

మూడోసారి ఉన్న చుట్టలన్నీ పొయ్యిలో వేసి వెళ్లాను. గట్టు మీద ఉత్త నోటితో కూర్చున్నాను. "లే" అన్నాడు పటేలు. నేను లేవలేదు. పదేళ్లుగా నాతో నిప్పు పంచుకున్న పక్కవాడు గొణిగాడు, "లెవ్వన్నా, నీ పుణ్యాన మాకు గూడ కూసునుడు బందు జేస్తడు." పటేలు మీద కన్నా వాడి మీదే ఎక్కువ మండింది. ఇప్పటికీ ఆరలేదు.

పటేలు ఆనాడే వెళ్లగొట్టాడు. నెలంతా చేవెళ్ల దాకా పని కోసం తిరిగాను, చుట్ట మాత్రం ముట్టలేదు. అప్పుడు కబురు చేశాను. నా భార్య వచ్చి గడపలోనే నా అంగీ ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నిజంగనే ఇడిసినవ్! వాసనే లేదు."

"పని గూడ లేదు" అన్నాను. జరిగిందంతా మొదటిసారి చెప్పాను.

ఆమె అంగీ వదిలి నా మొహంలోకి చూసింది. "ఈ ముచ్చట ముందుగాలనే చెప్తే, నేను నిన్ను ఇడిసి పోతుంటినా?" అంది.