డబ్బల నాలుగో బీడీ

ముందుగాల ఒక ముచ్చట చెప్త. దయ్యాలు, గాలి సోకుడు, చేతబడి, గివేవి నేను నమ్మ. చిన్నప్పటి సంది నమ్మలే. మా అత్త కడుపునొస్తె తాయెత్తు కట్టుకునేది, నేను గోలి ఏసుకునేదాన్ని. అయినా గీ సంగతి ఎవలికి చెప్పినా అందరు ఒక్కటే అడుగుతరు: "ఆ దినం తాగి ఉన్నవా లచ్చవ్వా?"

తాగలే. అసలు సంగతే గది.

మాది కోరుట్ల. నేను బీడీలు చేస్త. నా పెనిమిటి దుబాయిల ఉంటడు. ఇది తెలంగాణ కొట్లాట జోరు మీదున్న దినాల ముచ్చట. రోడ్ల మీదనే వంటలు, టెంట్ల కింద దీక్షలు, దినాం ఏదో ఒక బందు.

అంతకు ముందు నాలుగైదేండ్లు నేను కల్లుకు బానిసనైన. చెప్పుకోను సిగ్గేం లేదు, సిగ్గు పడాల్సినోళ్లు వేరే ఉన్నరు. మేం తాగింది చెట్టు కల్లు గాదు. చెట్టు కల్లయితే గిన్ని బాధలెందుకు? దుకాణంల మాకు పోసింది నీళ్లు, మత్తు మందు. పొద్దుగాల ఒక సీస తాగకపోతే చేతులు వణికి బీడీ ఆకు పట్టరాకపోయేది. రెండు దినాలు తాగకుంటే నాలుక మొద్దువారి మాట రాకపోయేది, గోడ మీద పురుగులు పాకినట్టు కొట్టేది. మందు కలిపినోడేమో పెద్దమనిషై కుర్చీల కూసున్నడు. తాగిన మమ్ముల మాత్రం వాడకట్టంత తాగుబోతు ఆడోళ్లన్నరు. గిదేం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం గాదు.

ఒకనాడు నేను మత్తుల పడి ఉంటే నా బిడ్డ రమ్య పొయ్యి ముట్టిచ్చబోయి చెయ్యి కాల్చుకున్నది. ఎనిమిదేండ్ల పోరి. నాకు ఎరుక గూడ లేదు. మా ఆడిబిడ్డ సిరిసిల్ల నుంచి అచ్చి పోరిని తీస్కపోయింది. "నువ్వు మనిషివైనంక చూద్దాం" అన్నది. ఆమెను ఏమనను? ఆమె అన్నది నిజమే.

నన్ను మనిషిని చేసింది రాజవ్వక్క. మా గల్లీల చివరి ఇల్లు ఆమెది, నాకన్న ఇరవై ఏండ్లు పెద్దది. నేను తాగినదానికి రెండింతలు తాగిన మనిషి. ఒక్కసారే మానబోయి ఫిట్స్ అచ్చి జగిత్యాల దవాఖానల పడ్డది. ఆడ ఒక సిస్టరమ్మ ఆమెతోని అన్నదట: "జీవితమంత మానుడు నీతోని గాదు. రేపటి సంగతి నిన్ను ఎవలడిగిండ్రు? ఇయ్యాల ఒక్కదినం చూస్కో." గా మాట పట్టుకొని, డాక్టరు గోలీలు రాసిస్తే మెల్లమెల్లగ మానింది, నాకన్న ఏడాది ముందుగాల. నన్ను గూడ ఆ డాక్టరు కాడికే పట్టుకపోయింది.

తర్వాత మా లెక్కనే కల్లు మాన్తున్న పోసవ్వ కలిసింది, మరియమ్మ కలిసింది. నలుగురమైనం. రాజవ్వక్క అరుగు మీద చాటలు ఒళ్లె పెట్టుకొని బీడీలు చేసుకుంట ముచ్చట వెట్టేది. మా సంఘానికి పేరు లేదు, బోర్డు లేదు. ఒక్క బిస్కట్ల డబ్బ ఉండె.

ఆ డబ్బ సంగతి ఇనాలె. పొద్దుగాల చేసిన మొదటి బీడీ కంపెనీకి గాదు, డబ్బకు. దానికి కంపెనీ దారం గాకుంట రాజవ్వక్క ఇచ్చిన ఎర్రదారం కట్టాలె. అది కట్టి డబ్బల ఏసినమంటే, ఇయ్యాల తాగ అని చెప్పినట్టు. ఎవలికన్న తాగ బుద్ధైతే అడ్డం లేదు, పోయి తాగొచ్చు. గని ముందుగాల అచ్చి, మిగిలిన ముగ్గురి ముంగట డబ్బ తెరిచి, తన బీడీ తీసి ఇరువాలె. "ఇరిచినంకనే తాగు. ఇరువకుంట తాగితే దొంగతనం" అనేది రాజవ్వక్క. పొద్దూకినంక అందరియి ఉంటే పొయ్యిల ఏసేది. మర్నాడు మళ్ల మొదటి నుంచి.

నవ్వుతరేమో. ఎంతమంది నవ్విండ్రో. గని ఇరువబోయి ఆగిపోయిన దినాలు నాకు ఎన్నున్నయో నాకే ఎరుక. ముగ్గురి మొఖాలు చూసుకుంట ఇరుచుడు అంత అల్కగ గాదు.

పొద్దుగాల లేవంగనే గల్లీ చివరి నుంచి రాజవ్వక్క కేకేసేది: "ఏం లచ్చీ, ఇయ్యాల?" నేను ఇంట్ల నుంచే అరిచేదాన్ని: "ఇయ్యాలకైతే లేదక్కా!" గట్ల రెండేండ్లు గడిసినయ్. మా ఆడిబిడ్డ పోరిని తెచ్చి అప్పజెప్పింది. పోయేటప్పుడు గడప కాడ నిలబడి, "వదినే, మళ్ల ఒక్కసారి తాగినవని ఇన్ననంటే, ఈసారి తీస్కపోతే మళ్ల తేను" అన్నది.

ఇగ సమ్మె అచ్చింది. బస్సులు బందు, బడులు బందు, ఆఫీసులు బందు. మంచిదే, తెలంగాణ అందరికి గావాలె, మేం గూడ టెంటు కింద కూసున్నం. గని కల్లు దుకాణం బందు గాలే! ముంగటి తలుపు ఏసిండ్రు, ఎనుక తలుపు తీసిండ్రు. ఒకనాడు టెంటు కింద రాజవ్వక్క లేసి మైకు అడిగింది. "తెలంగాణ అస్తే మా కల్లుల మందు కలుపుడు బందు చేస్తరా? గది చెప్పుండ్రి" అన్నది. మైకు పట్టుకున్నాయన పకపక నవ్విండు. "ముందు రానీ అవ్వా, అచ్చినంక నీకు మంచి కల్లు పోపిస్త" అన్నడు. అందరు నవ్విండ్రు. నా ఒళ్లు మండిపోయింది. రాజవ్వక్క మాత్రం మైకు ఆయన చేతుల పెట్టి అచ్చి నా పక్కన కూసున్నది.

వారం తిరగకముందే ఆమె పోయింది. తంబాకు దుమ్ముకు ఊపిరితిత్తులు ముందుగాలనే పాడైనయ్. ఒకనాడు పగటిపూట ఊపిరాడక ఆటోల జగిత్యాలకు తీస్కపోతుంటే తొవ్వలనే పాణం ఇడిసింది. బందు లేకుంటే బతికేదా అంటే నాకు తెల్వదు, ఆ నింద నేనెయ్య.

బొంద పెట్టేటప్పుడు ఆమె బొడ్లె సంచి నేనే ఆమె నడుముకు చెక్కిన. ఆ సంచిలనే మా ఎర్రదారం ఉండ ఉండె, ఒక్కటే ఉండ. పోసవ్వ, మరియమ్మ చూస్తనే ఉన్నరు. "మన దారం ఆమెతోనే పోనీ" అనుకున్నం. గది యాద్‌పెట్టుకోండ్రి.

మూడో దినం పిట్టకు పెట్టుడు. మా దిక్కు సచ్చిపోయినోళ్లకు ఏది ఇష్టమో అది వండి బొంద కాడ ఇస్తారిల పెడ్తరు, కాకి ముట్టాలె. ఆ పొద్దున మేం ముగ్గురం మా ఇంట్ల కూసొని తలా ఒక్క బీడీ చేసినం. ఎర్రదారం లేదు గద, కంపెనీ తెల్లదారమే కట్టినం. మూడు బీడీలు డబ్బల ఏసి మూత నేనే బిగిచ్చిన. డబ్బ నా చేతి సంచిల పెట్టుకున్న. ఆ సంచి సాయంత్రం దాక నా భుజం దిగలే.

బొంద కాడ అన్నం, కూర పెట్టినంక రాజవ్వక్క కొడుకు సాయిలు సంచిలకెల్లి కల్లు సీస తీసిండు. నాకు పాణం ఆగలే.

"సాయిలూ, మీ అవ్వ మానింది. ఆమెకు గది పొయ్యకు బిడ్డా" అన్న.

"మా అవ్వకు ఏం ఇష్టమో నాకు తెల్వదా? బతికున్నప్పుడు మీరే తాగనియ్యలే. ఇప్పుడన్న తాగనీయుండ్రి" అన్నడు.

అందరు ఆయన దిక్కే మాట్లాడిండ్రు. ఒక మనిషి మూడేండ్లు దినాం యుద్ధం చేసి గెలిస్తే, సచ్చిన మూడో దినం నోట్లె పోసుడు! ఆమె లేసి వద్దనలేదు గద అని. ఎంత కోపమొచ్చిందంటే నా కండ్లల్ల నీళ్లు కారినయ్. అందరు నేను దుఃఖపడుతున్న అనుకున్నరు. సాయిలు దోసిలి పట్టి కల్లు నేల మీద పోసిండు. కాకి అన్నం ముట్టి పోయింది. కాకికి కల్లేందో తెల్వదు, అందుకే కాకిని నేను సాక్ష్యంల పెడ్తలేను.

రాజవ్వక్క ఇంటికచ్చినంక ఇంకో తంతు. సచ్చిన ఇంట్ల వాళ్లకు నోటి చేదు తీస్తమని చుట్టాలు కల్లు తాపుతరు. రాజవ్వక్క చెల్లె గిలాసలు నింపుకుంట మా కాడికి అచ్చింది. పోసవ్వ, మరియమ్మ మొఖం తిప్పుకున్నరు. నా చేతుల గిలాస పెట్టింది. "ఇన్నేండ్లు మా అక్క ఎంబడే తిరిగినవు. ఆమె మీద పాణమే ఉంటే ఒక్క గుక్క తాగు. తాగకుంటే ఆమె ఆత్మ ఏం కావాలె?" అన్నది. సుట్టు ఉన్నోళ్లు అవునవునన్నరు.

నిజం చెప్త. వాసన ముక్కుకు తాకంగనే నా నోట్లె నీళ్లూరినయ్. రెండేండ్లు ఏడికి పోయినయో. పొద్దుగాల కేకేసే మనిషి లేదు, ఇగ ఎవలి కోసం అనిపిచ్చింది. గడప మీద రమ్య కూసున్నది, కాలిన మచ్చ ఉన్న చెయ్యి మోకాళ్ల సందుల పెట్టుకొని నా గిలాస దిక్కే చూస్తుండె. అయినా నేను తాగుదామనే అనుకున్న. ఒక్క గుక్కే గద అనుకున్న.

గని ఇరువాలె గద. ఇరువకుంట తాగితే దొంగతనం. గిలాస కింద పెట్టిన, సంచిలకెల్లి డబ్బ తీసిన. పోసవ్వ "వద్దే లచ్చీ" అన్నది. మరియమ్మ నా చెయ్యి పట్టుకున్నది. ఇడిపిచ్చుకొని మూత తీసిన.

డబ్బల నాలుగు బీడీలున్నయ్.

ముందుగాల తప్పు లెక్కవెట్టిన అనుకున్న. కింద బట్ట మీద పోసిన. మూడు తెల్లదారంవి, మావి. నాలుగోదానికి ఎర్రదారం. ఆకు ఇంకా తడిగ ఉండె, అప్పుడే సుట్టినట్టు. మేం పొద్దుగాల చేసినయేమో అప్పటికే ఎండినయ్.

దాన్ని చేతులకు తీస్కొని ఎలుతురుకు పెట్టి చూసిన. రాజవ్వక్కది ఎడమ చెయ్యి వాటం. అందరు ఒక దిక్కు సుడితే ఆమె ఇంకో దిక్కు సుట్టేది, ఆకు అంచు ఉల్టా పడేది. కోరుట్లల బీడీలు చేసే ఆడోళ్లు ఎంతమందో ఉన్నరు గని మా వాడకట్టుల ఎడమచేత్తో సుట్టేది ఆమె ఒక్కతే. ఈ బీడీ అంచు ఉల్టా ఉండె.

పోసవ్వ ఏడుసుకుంట గోడకు ఒరిగింది. మరియమ్మ "ప్రభువా" అని కండ్లు మూసుకున్నది. నేను సాయిలుకు ఇచ్చిన. "సూడు, ఎవలి చెయ్యి ఇది?" అని అడిగిన. చిన్నప్పటి సంది తల్లి బీడీల కట్టలు మోసినోడు ఆయన. అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. "మా అవ్వది" అన్నడు. గంతే. బీడీ మళ్ల నా చేతుల పెట్టిండు.

"ఇగో చూడుండ్రి" అని గట్టిగనే అన్న, అందరికి ఇనపడేటట్టు. "మీరు పోసిండ్రు గని ఆమె తాగలే. ఆమెనే తాగకపోతే నన్నెట్ల తాగుమంటరు?" గిలాస ఎత్తి వాకిట్ల పారబోసిన.

తర్వాత నేను ఊకోలే. పోసవ్వను అడిగిన, బిడ్డ మీద ఒట్టేసింది. మరియమ్మ బైబిలు మీద చెయ్యి పెట్టింది. సమ్మె అయిపోయి బీడీలు తీసుకోను కంపెనీ టేకేదారు అచ్చినప్పుడు ఆయనకు గూడ చూపిచ్చిన, ఎవలిదో చెప్పకుంట. ఎవలి చెయ్యి ఏదో చూడంగనే పట్టేటాయన. "రాజవ్వ చేసిందే గద, ఎన్నిసార్లు తిట్టిన ఉల్టా సుట్టకు అని" అన్నడు. జగిత్యాల డాక్టరుకు చెప్తే, కల్లు మానినోళ్లకు గిట్లాంటివి కనపడుతుంటయన్నడు. సారూ, నేను మాని రెండేండ్లైంది, నాతోని గదంత చూసినోళ్లు పదిమంది ఉన్నరు, టేకేదారు పుట్టినప్పటి సంది చుక్క ముట్టలే, ఆయనకేం కనపడ్డది అని అడిగిన. దుబాయి నుంచి నా పెనిమిటి ఫోన్ల, "నిజం చెప్పు, తాగినవా?" అన్నడు. ఫోను పెట్టేసిన.

పిట్టకు పెట్టిన మర్నాడు పొద్దుగాల గల్లీ సప్పుడు లేకుంట ఉండె. నేను పొయ్యి కాడ కూసున్న. ఎనుక నుంచి రమ్య, "అమ్మా, ఇయ్యాల?" అని అడిగింది. అప్పటి సంది పోరే అడుగుతది.

ఆ బీడీ ఎట్ల అచ్చిందో నాకు తెల్వదు. మట్టిల పెట్టిన దారం ఎట్ల బయటికచ్చింది, మూత బిగిచ్చిన డబ్బల తడి ఆకు ఎట్ల చేరింది, ఎంత ఆలోచిచ్చినా అందదు. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మ. మళ్ల గట్ల ఎన్నడు గాలే, దినాం డబ్బ తెరిచి చూస్త, మావి మూడే ఉంటయ్.

గని ఆ దినం పొద్దూకినంక పొయ్యిల ఏసేటప్పుడు మేం ముగ్గురం మా మూడు బీడీలు ఏసి, ఎర్రదారందాన్ని పక్కన పెట్టుకున్నం. అది ఇప్పటికీ నా కాడనే ఉన్నది. నలుగురం తాగలే ఆ దినం.