ఎఫీ కొండ ఎత్తు

మా సరస్సు ఒడ్డున గొర్రెలు కాసే ఎఫీ మెక్రే నలభై ఏళ్లుగా మ్యాల్ గోర్మ్ కొండెక్కుతోంది. ఎక్కిన ప్రతిసారీ, మా అలవాటు ప్రకారం, శిఖరం మీది రాళ్లకుప్పకి ఒక రాయి చేరుస్తుంది.

మూడువేల అడుగులుంటేనే కొండ, ఎక్కేవాళ్లు ఒక్కొక్కటే టిక్కు పెట్టుకునే పెద్ద కొండల జాబితాకెక్కుతుంది. జాబితాలో ఉన్న కొండల్నే జనం వెతుక్కుంటూ వస్తారు. ఒక ఏడాది మా కొండ ఎత్తు కొలిచేవాళ్లు వస్తున్నారని తెలియగానే పబ్బు నడిపే డూగీ, "ఆ కుప్పని ఇంకో నాలుగడుగులు లేపుదాం ఎఫీ, ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు.

"సిగ్గులేదురా నీకు! మడమల కింద గుడ్డలు కుక్కి నిలబెడతావా నా కొండని?" అని ఎఫీ మండిపడింది. మర్నాడు పొద్దున్నే పైకెళ్లి, ఉన్న కుప్పని కూడా రాయి రాయీ తీసి పక్కన పడేసింది. కొలిస్తే మూడువేలకి రెండడుగులు తక్కువొచ్చింది. వాళ్లు దిగిపోయాక రాళ్లన్నీ మళ్లీ పేర్చుకుంది.

మొన్న ఒక పెద్దమనిషి జాబితా చేత పట్టుకొచ్చి, "ఇది లెక్కలోకి రాదట కదమ్మా, ఎదుటి కొండే ఎక్కుతాను," అన్నాడు.

"ఎక్కు నాయనా, ఎక్కు," అంది ఎఫీ. "పైకెళ్లి ఫొటో తీసుకుంటావుగా, అందులో పడేది మా కొండే."