రాలిన కాయే మనది

సొంతూళ్లో మా పక్కింటి అవ్వ పోయింది. బంగారుపాళ్యం నుంచి వచ్చిన బండివాడు మామిడికాయల తట్ట దించుతూ ఆ కబురు చెప్పి, తన దారిన తాను పోయాడు. నాకు కోపం వచ్చింది. అవ్వ చావు అలా చెప్పి పోయే మాట కాదు.

నా చిన్నప్పుడు, యుద్ధం రోజుల్లో, రేషను బియ్యం చాలక మా వీధిలో ఇంటింటా రాగిసంగటే. దాంట్లోకి అవ్వ పెరటి బుడ్డ తక్కాళ్లు. కాగితంలాంటి పొరలో దాక్కున్న పుల్లటి కాయలవి. పచ్చిమిరపకాయలతో కాల్చి రోట్లో నూరితే ప్రాణం లేచొచ్చేది. అవ్వ ఏనాడూ కాయ కోసేది కాదు. చెట్ల కింద సెనక్కాయ పొట్టు పరిచి, పొర ఎండి దానంతటదే రాలిన కాయనే ఏరేది. "రాలింది మనది, కొమ్మనుండేది సెట్టుది" అనేది. ఎవరైనా కొమ్మ మీద చెయ్యి వేస్తే ఆ నోటికి దేవుడైనా దడవాల్సిందే. ఆ కాయలిచ్చి ఇంటింటా రాగులు తెచ్చుకునేది. ఒంటరి మనిషి, అదే ఆమె బతుకు.

ఒక మధ్యాహ్నం మా చెల్లెలు అవ్వ పెరట్లోంచి వచ్చి వాంతులు మొదలుపెట్టింది. కళ్లు తేలేసింది. మా నాయన పార తీసుకుని దడి దాటాడు.

"నా బిడ్డకేమన్నా అయితే సెట్లు గాదు, నిన్నే పెరికేస్తా!"

"పెరుకుదువులేబ్బా. ముందు బిడ్డను సూడనీ" అంటూ అవ్వ మా ఇంటికి పరుగెత్తింది. చెల్లెలి పిడికిలి విప్పింది. అందులో లేత కాయ, పొర ఇంకా పచ్చిగానే ఉంది.

"ఇది రాల్లేదు, పీకినాది. పచ్చిది తింటే కడుపులో ఇట్లే తిప్పుతాది. కక్కనీండి, ఆపొద్దండి."

నాయన ఆమెను బయటికి పొమ్మన్నాడు. అమ్మ మాత్రం ఆమె చెప్పినట్టే చేసింది. అవ్వ మా వాకిట్లో కూలబడి, ఎండ ముఖాన కొడుతున్నా కదల్లేదు. పొద్దు వాలాక చెల్లెలు నీళ్లడిగింది, ఆపైన సంగటి అడిగింది. అది విని అవ్వ లేచి వెళ్లిపోయింది. కక్కనీయమన్న ఆ నోటికి నేనిప్పటికీ దణ్ణం పెడతాను.

బిడ్డ బతికింది గానీ అవ్వ పేరు చెడింది. విషపుకాయల ముసలిదన్నారు. ఆమె తట్ట ఎత్తుకుని వస్తుంటే తలుపులు వేసుకున్నారు. రాలిన కాయలు పొట్టు మీదే కుళ్లాయి. ఆమె పొయ్యి వెలగని పూటలు మేం చూశాం. అమ్మ నా చేత సంగటి ముద్ద పంపితే తిప్పి పంపింది.

"నా కాయ పట్టని ఇంటి కూడు నాకొద్దని సెప్పు."

నేనొచ్చి ఆ మాట చెప్పేసరికి నాయన సంగటి ముందున్నాడు. ముద్ద వదిలి చెయ్యి కడుక్కున్నాడు. వీధంతా అరుగుల మీదుండే వేళ అది. అందరూ చూస్తుండగా అవ్వ పెరట్లోకి వెళ్లి, చెట్టు కింద గొంతుక్కూర్చున్నాడు. ఒక కాయ ఏరి, పొర ఒలిచి, తువ్వాలుతో తుడిచి కొరికాడు. పులుపుకు ఒక కన్ను మూసుకుపోయింది. అవ్వ గుమ్మంలో నిలబడి చూస్తోంది. తప్పయిందని చెప్పడం మా నాయనకు పుట్టుకతోనే రాదు.

"అవ్వా, రవ్వంత ఉప్పుండాదా?" అన్నాడు.