ఎడమచేతి సైగలు

మంగళవారం పొద్దున్న, స్టీల్ ప్లాంటు పక్క బస్తీ క్యాంప్ 1 నుంచి మా అప్ప ఫోన్ చేసింది. "మీ బావ ఎల్లిపోయారే" అంది, అంతే. రెండోసారి స్ట్రోక్ వచ్చిందట. ఫోన్ పెట్టేసి ముందు నా రెండు చేతులూ పైకెత్తి చూసుకున్నాను, సమంగా లేస్తున్నాయా అని. మూడేళ్లుగా ఇదే నా అలవాటు.

బావగారు స్టీల్ ప్లాంటులో ఖలాసీ. క్రేన్ కింద నిలబడి, పైనున్న ఆపరేటర్‌కి చేతి సైగలతో చెప్పి లోడు ఎత్తించడం, దింపించడం ఆయన పని. ఆ రొదలో మాట వినబడదు. లోడు నేలకి ఆనేదాకా ఎత్తిన చెయ్యి దించకూడదట. ఇంట్లో కూడా అన్నం చాలన్నా, ఫ్యాన్ వెయ్యమన్నా చేత్తోనే. నోరు విప్పితే నన్ను ఏడిపించడానికే. "ఏటే మరదలా, భయమేమో నీకు, బీపీ నాకా?" అనేవారు. తలనొప్పి లేదు కదా అని ఆ బీపీ మాత్రలే మానేశారు. అన్నిటికీ భయపడే నేను దానికి మాత్రం భయపడలేదు.

మూడేళ్ల కిందట, మే నెల మధ్యాహ్నం. నేను అక్కడే ఉన్నాను. అన్నం తింటుంటే ఆయన చేతిలో ముద్ద జారింది. మూతి ఓ పక్కకి పోయింది.

"ఏటైందే ఈయనకి? ఆస్పత్రికి తీసుకెళ్దామా?" అంది అప్ప.

"లూ తగిలిందప్పా. ఫర్నేస్ దగ్గర ఎంతమందికి సూడలేదు? పడుకోనీ" అన్నాను. అన్నది నేనే. ఈ ఊళ్లో ఏమొచ్చినా వడగాలి మీదకే తోసేస్తాం. వడదెబ్బకిచ్చే పచ్చిమామిడి పన్నా నోట్లో పోశాను. పొలమారింది. అయినా సాయంత్రం దాకా కూర్చున్నాం.

ఎప్పుడు మొదలైందని ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది. "దోపహర్ మే" అన్నాను హిందీలో, మధ్యాహ్నమని. ఆమె గోడ గడియారం వైపు చూసింది. మెదడుకి రక్తం వెళ్లే దారి మూసుకుపోయిందట. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తేడా, వీటిలో ఏది కనబడినా ఆ నిమిషమే తీసుకురావాలట. తిట్టినా బాగుండేది.

కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. ఉన్నట్టుండి ఏడ్చేవారు, ఆ ఏడుపులోనే నవ్వేవారు. ఎడమచేత్తో పాత సైగలు మళ్లీ నేర్చుకున్నారు. వేలు పైకి తిప్పితే లేపమని, కిందికి తిప్పితే కూర్చోబెట్టమని. "ఇన్నాళ్లకి నన్ను క్రేనెక్కించారే" అని అప్ప నవ్వేది.

వెళ్లిన ప్రతిసారీ అడిగేదాన్ని, "బావా, నా వల్లే కదా?" అని. ఆయన గోడకేసి చూసేవారు. మాట అర్థం కాలేదో, కోపమో తెలిసేది కాదు. ఇంటికొచ్చినా మనసు కుదురుగా ఉండేది కాదు.

పోయిన వారం వెళ్లాను. వాళ్ల వీధి దాటాలంటే నాకు వణుకు. ఆటో దిగి అవతలే నిలబడిపోయాను. బావగారు గుమ్మంలో కుర్చీలో ఉన్నారు. ఎడమ అరచెయ్యి చాచారు: ఆగు. నీళ్ల ట్యాంకర్ పోయింది. వేళ్లు తనవైపు ఆడించారు: మెల్లగా రా. నడి రోడ్డులో ఉండగా బైకు వచ్చింది. మళ్లీ అరచెయ్యి. ఆగాను. మళ్లీ వేళ్లు. నా మీంచి చూపు తిప్పలేదు. గుమ్మం చేరాక పక్కనున్న స్టూలు చూపించి, వేలు కిందికి తిప్పారు.

ఆ రోజు నేనేమీ అడగలేదు. కూర్చుని, నడుం గోడకి ఆనించేదాకా ఆ చెయ్యి నాకోసం గాల్లోనే ఉంది.