అవ్వ రోజూ పోయిన పెండ్లి

బడులకు తాళాలు పడి, పాఠాలన్నీ ఫోన్లలోకి దూరిన ఆ రోజుల్లో నేను పదో తరగతి. నాకు కంప్యూటర్ బాగా వచ్చని మా ఇంట్లో ఒక అపోహ ఉండేది. దాన్ని పుట్టించిందీ మేపిందీ నేనే. (బడిలో నేను నేర్చింది ఆన్ చేయడం, బొమ్మలకు రంగులు వేయడం. ఆఫ్ చేసే పని సారు చూసుకునేవారు.) సైన్స్ ప్రాజెక్టు కంప్యూటర్‌లోనే చేసి పంపాలని సారు చెప్పగానే, "లాప్‌టాప్ లేకుంటే నా సదువు ఆగమైతది" అని రెండు రోజులు అన్నం మీద అలిగాను. మూడో రోజు ఆకలి గెలిచింది కానీ, అప్పటికే బాపు మెత్తబడ్డాడు.

బాపు మహబూబ్‌నగర్‌లో ఆటో నడిపేవాడు. కొత్తది కొనడం మా వల్ల కాదు. దుకాణాల్లో పాతవి కూడా కొత్తవాటి పక్కన కూర్చుని వాటి పొగరే నేర్చుకున్నాయి. చివరికి బాపు ఆటో ఎక్కే ఫోటో స్టూడియో అన్న తన పాతది చవకగా ఇచ్చాడు. ఎత్తితే ఇసుర్రాయంత బరువు, వైరు పీకితే ప్రాణం పోయేది. "అంత మంచిగనే ఉన్నది చెల్లె. అండ్ల గీ పెండ్లి వీడియో మాత్రం ముట్టకు. పెండ్లోళ్లు ఇంక తీస్కపోలే, నా దగ్గర ఇంకో కాపీ లేదు" అన్నాడు.

ఆ పెండ్లిని మా అవ్వ మొదటి రోజే పట్టుకుంది. నెలల తరబడి ఏ పెండ్లికీ పోలేక మొహం వాచిన మనిషి. మధ్యాహ్నం తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని (పెండ్లికి కదా) దాని ముందు కూర్చునేది. వారంలో ఆ రెండిళ్ల చుట్టాలందరూ ఆమెకు చుట్టాలయ్యారు. "గా పచ్చచీరామె మూడోసారి బగారన్నం పెట్టించుకుంటాంది సూడు" అనేది. "అవ్వా, నా ప్రాజెక్టు" అంటే, "ఉండు బిడ్డా, పిల్లను అప్పజెప్తాండ్రు. నడుమల లేస్తె బాగుండది" అనేది.

గడువు రోజు వచ్చింది. ఊపిరితిత్తుల బొమ్మలన్నీ అతికించి సేవ్ నొక్కితే, జాగా లేదని తేల్చి చెప్పిందా యంత్రం. అవ్వ స్నానానికి పోయిన సందు చూసి పెండ్లిని డిలీట్ చేశాను. అయినా జాగా రాలేదు. అంత పాపం చేసినా ఫలం దక్కలేదే అని ఏడుపొచ్చింది.

సాయంత్రానికి స్టూడియో అన్న పెండ్లికూతుర్నే వెంటబెట్టుకుని వచ్చాడు. అవ్వ లేచి ఎదురుపోయి ఆమె చెయ్యి పట్టుకుంది. "రా బిడ్డా. అప్పగింతలల్ల గంతగనం ఏడ్చినవు, ఇప్పుడు మంచిగున్నవా?"

ఆమె తెల్లబోయింది. "మీరు పెండ్లికి వచ్చిండ్రా అవ్వా?"

"రోజూ పోతున్న."

వాళ్ల తాత నెల కింద పోయాడట. ఆయన నడిచే, మాట్లాడే వీడియో అదొక్కటేనట. "అక్కా, నేను దాన్ని తీసేసిన" అన్నాను. ఆమె మెల్లగా కూర్చుని, తెర మూలనున్న చెత్తబుట్ట బొమ్మ మీద నొక్కింది. "గిది ఎప్పుడన్న తెరిచినవా?" (నేను దాన్ని అలంకారం అనుకున్నాను.) పెండ్లి మొత్తం అందులో క్షేమంగా ఉంది.

దాన్ని బయటికి తీసి, మూడు గంటల వీడియోలో తాత ఎక్కడున్నాడో ఆమె వెతుకుతుంటే, అవ్వ దగ్గరికి జరిగింది. "భోజనాలకాడికి పోనియ్యి. గా మూలకు, నవ్వుకుంట గ్లాసు పట్టుకొస్తడు." నిజంగానే వచ్చాడు. ఆమె నవ్వబోయి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

పెండ్లిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, ఆమె ఇక్కడిది మళ్లీ తీసేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది. నా ఊపిరితిత్తులకు జాగా దొరికింది. మర్నాడు మధ్యాహ్నం అవ్వ వచ్చి, ఇంకేమన్నా ఉందా అని అడిగింది. ఉన్న ఊపిరితిత్తులనే చూపించాను. కాసేపు వాటినే తీక్షణంగా చూసి, "గీళ్లు ఎవలు బిడ్డా, గింత దిగులుగున్నరు" అంది.

ఇప్పుడు ఆఫీసు ఇచ్చిన లాప్‌టాప్ ఒక చేత్తో ఎత్తుతాను. ప్రతి ఫైలుకూ రెండు కాపీలు దాస్తాను. అన్నీ వెతికినా, అవ్వను పిలిచి కూర్చోబెట్టి చూపించదగ్గది ఒక్కటీ కనబడదు.